పాఠం విత్తనం దగ్గరే మొదలవ్వాలి: బంగాళాదుంప శిక్షకుల ప్రశ్నలకు జవాబులు

చిన్న కమతాల రైతులకు కొత్త పద్ధతుల్లో బంగాళాదుంప సాగు నేర్పుతున్నవారు, నేర్చుకుంటున్నవారు పంపిన ప్రశ్నలివి. ఒకే విషయం మీద వచ్చినవాటిని ఒకటిగా కలిపాం. మోతాదులన్నీ ఎకరాకు చెప్పాం. హెక్టారుకు కావలసినవారు రెండున్నరతో హెచ్చవేసుకుంటే చాలు.

ప్రశ్న: మూడు రోజుల శిక్షణలో నేల తయారీ నుంచి నిల్వ దాకా అన్నీ చెబుతున్నాం. అచ్చువేసిన పుస్తకాలూ ఇస్తున్నాం. పంటకాలం అయ్యాక పొలాలకు వెళ్లి చూస్తే ఎవరూ ఏదీ మార్చలేదు. లోపం ఎక్కడ?

ఆ మూడు రోజుల్లోనే ఉంది. బంగాళాదుంప పొలంలో 90 నుంచి 120 రోజులు ఉంటుంది. నాటకముందు చెప్పిన ఆకుమాడు తెగులు పాఠం, తెగులు వచ్చే నాటికి ఎవరికీ గుర్తుండదు. గుర్తున్నా, బొమ్మలో చూసిన మచ్చను పొలంలో పోల్చుకోవడం కష్టం. మీరు వెచ్చించే గంటలు పెంచక్కర్లేదు, వాటిని పంట వెంట పరిచితే చాలు. నాటడానికి ఆరు వారాల ముందు ఒక పూట విత్తన దుంపలు ఏరడం, మొలక కట్టించడం. నాటే రోజు ఒక పూట. 25-30 రోజులకు మట్టి ఎగదోసేటప్పుడు ఒకటి. పూతకు ముందు మంచి మొక్కలకు గుర్తులు పెట్టడానికి ఒకటి, పైరు కోసేసే రోజు ఒకటి, తవ్వి తూచే రోజు ఒకటి. మొత్తం ఆరు పూటలు. ప్రతి పూటా పొలంలోనే జరగాలి, ఆ రోజు చేయాల్సిన పని రైతు చేతులతోనే జరగాలి. 1989లో ఇండోనేషియాలో వరి రైతులతో మొదలైన పొలంబడి నడిచింది ఈ సూత్రం మీదే. బృందంలో 20-25 మందిని మించనివ్వకండి, వారిని అయిదుగురేసి చొప్పున విడగొట్టండి. పాతిక మంది ఒకే మొక్క చుట్టూ నిలబడితే వెనక వరుసకు కనిపించేది ముందువారి వీపులే.

రెండో లోపం, ఒకేసారి పది మార్పులు చెప్పడం. మొదటి పంటకు ఒక్క విత్తనం సంగతే పట్టుకోండి. వైరస్ పట్టిన విత్తనానికి ఎంత ఎరువు వేసినా అది దిగుబడిగా మారదు. ఎరువు డబ్బులు పోయాక రైతు మీరు చెప్పిన మిగతా మాటలు కూడా నమ్మడు. విత్తనం కుదుటపడ్డాక ఎరువు, మందు, నీరు ఒకదాని వెంట ఒకటి తీసుకురండి.

మరొకటి కూడా చూసుకోండి. ఇంట్లో విత్తన దుంపలు ఏరేది, దాచేది ఎవరు? చాలా కుటుంబాల్లో ఆ పని ఆడవాళ్లది, శిక్షణకు వచ్చి కూర్చునేది మగవాళ్లు. పాఠం అందాల్సిన చేతికే అందడం లేదన్నమాట.

ప్రశ్న: ధ్రువీకరించిన విత్తనం మా ప్రాంతంలో దొరకదు. దొరికినా చిన్న రైతు కొనలేడు. తవ్విన కుప్పలోంచి పెద్దవి అమ్మి, చిన్నవి విత్తనానికి పెట్టుకుంటారు. ఇందులో మార్చదగ్గది ఏమైనా ఉందా?

ఉంది. అసలు దిగుబడి పడిపోయేది ఈ అలవాటు వల్లే. వైరస్ సోకిన మొక్కకు దుంపలు చిన్నవిగా ఊరతాయి. కుప్పలోంచి చిన్నవే ఏరుతున్నామంటే తెలియకుండానే జబ్బు మొక్కల సంతానాన్ని ఎంచుకుంటున్నామని అర్థం. ఏటా అదే జరుగుతుంటే నాలుగైదు పంటలకు పొలమంతా గిడసబారుతుంది. రైతు దాన్ని ‘విత్తనం పాతబడింది’ అంటాడు. పాతబడటం కాదు, జబ్బు పోగుపడటం.

ముఖ్యంగా రెండు వైరస్‌లను గుర్తుపట్టడం నేర్పండి. ఆకుచుట్ట వైరస్ దుంప ద్వారా వస్తే కింది ఆకులు పైకి దొన్నెలా చుట్టుకుని, పట్టుకుంటే అట్టముక్కలా గట్టిగా తగులుతాయి, నలిపితే గలగలమంటాయి. వై వైరస్ పట్టిన ఆకుల్లో ముదురు, లేత పచ్చ మచ్చలు కలిసి, ఆకు ముడతలు పడుతుంది. రెంటినీ పేనుబంకే మోస్తుంది, అయితే తేడా ఉంది. ఆకుచుట్ట వైరస్‌ను అంటించడానికి పురుగు గంటల తరబడి రసం పీల్చాలి కాబట్టి పురుగుమందు కొంత ఆపుతుంది. వై వైరస్ క్షణాల్లో అంటుకుంటుంది, మందు తగిలి పురుగు చచ్చేలోపే పని అయిపోతుంది. అందుకే దానికి మందు కన్నా విత్తన ఎంపికే గట్టి దారి.

ఎంపిక ఇలా చేయించండి. పూత రావడానికి కాస్త ముందు, వరుసల మధ్య ఆకులు ఇంకా ఒకదానితో ఒకటి కలవక ముందే పొలంలోకి దిగాలి. ఆకులు కమ్ముకున్నాక ఏ కొమ్మ ఏ మొక్కదో తెలియదు. ఒకే రకం, గుబురుగా, మూడు నాలుగు కాండాలతో, ఆకులో మచ్చా ముడతా లేని మొక్క పక్కన పుల్ల పాతాలి. పొలం అంచు వరుసలు, ఖాళీల పక్కన ఉన్న మొక్కలు వద్దు. అవి చోటు ఎక్కువ దొరకబట్టి పెద్దవిగా కనిపిస్తాయంతే. రెండు వారాల తర్వాత మళ్లీ తిరిగి, ఈలోగా జబ్బు లక్షణం కనిపించిన మొక్కల దగ్గర పుల్ల పీకేయాలి. ఈ రెండో తిరుగుడును చాలామంది ఎగ్గొడతారు, శిక్షకులు పట్టుపట్టాల్సింది ఇక్కడే. తవ్వకం రోజు ముందుగా పుల్లలున్న మొక్కలను ఒక్కొక్కటిగా పెకలించి, ఏ మొక్క దుంపలు ఆ మొక్క పక్కనే పెట్టాలి. దుంపలు రెండో మూడో ఉన్నా, వంకరగా పగిలి ఉన్నా, పైకి మొక్క ఎంత అందంగా కనిపించినా ఆ కుదురును వదిలేయాలి. మిగిలినవాటిలో కోడిగుడ్డంత దుంపలను, అంటే 30 నుంచి 60 గ్రాములవి, విత్తనానికి తీయాలి. చిన్నవే, కానీ మంచి తల్లివి.

ఎన్ని పుల్లలు పాతాలి? 400 మొక్కలతో మొదలుపెట్టండి. కుదురుకు అయిదు విత్తన దుంపల చొప్పున 2,000 వస్తాయి. వరుసల మధ్య 60, మొక్కల మధ్య 25 సెంటీమీటర్ల దూరాన నాటితే అవి 300 చదరపు మీటర్లకు, అంటే ఏడున్నర సెంట్లకు సరిపోతాయి. ఆ మడిని విత్తన మడిగా విడిగా ఉంచి, అందులో జబ్బు మొక్కలు కనిపించగానే దుంపలతో సహా పీకేస్తే, తర్వాతి పంటకు 10,000 దాకా విత్తన దుంపలు, అంటే ఎకరంలో మూడో వంతుకు పైగా వేసుకునే విత్తనం చేతికొస్తుంది.

పెరూ రాజధాని లీమాలో 1971లో ఏర్పడిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం పరిశోధకులు కెన్యాలో ఈ పద్ధతినే రైతు బృందాలకు నేర్పించి పోల్చి చూశారు. రైతుల మామూలు ఎంపిక కన్నా దిగుబడి సగటున మూడో వంతు పెరిగింది. మందూ, ఎరువూ అదనంగా ఏమీ కొనకుండా వచ్చిన పెరుగుదల అది.

హద్దులు కూడా చెప్పాలి. పచ్చని మొక్క ఒక్కసారిగా వాలిపోయే బ్యాక్టీరియా ఎండు తెగులు ఉన్న పొలంలో ఈ ఎంపిక చేయించవద్దు. పైకి ఆరోగ్యంగా ఉన్న మొక్క దుంపలో కూడా ఆ బ్యాక్టీరియా దాగి ఉంటుంది. ఇంకోటి, ఈ పద్ధతి పతనాన్ని నెమ్మదింపజేస్తుంది, వెనక్కి తిప్పదు. మూడు నాలుగు పంటలకోసారి బృందంలోని వారంతా కలిసి కాస్తయినా శుభ్రమైన విత్తనం తెచ్చి, విత్తన మడిలో కొత్తగా మొదలుపెట్టాలి.

ప్రశ్న: విత్తనం ఖరీదు కాబట్టి పెద్ద దుంపలను ముక్కలు కోసి నాటుతున్నాం. కొన్నిసార్లు సగం మొలవవు. కోయొచ్చా, కోయకూడదా?

నేల చల్లగా, తేమ తగుపాటిగా ఉంటే కోయొచ్చు. వేడి నేలలో, నీరు నిలిచే నేలలో ముక్క నేలలోనే కుళ్లుతుంది, మీకు మొలవనివి అలా పోయినవే. ఎండు తెగులు ఉన్న ప్రాంతంలో మాత్రం అసలు కోయొద్దు, కత్తి ఒక దుంప నుంచి వందకు జబ్బు అంటిస్తుంది.

కోయక తప్పకపోతే: దుంపను నిలువుగా, తలవైపు కళ్లు రెండు ముక్కలకూ వచ్చేలా కోయాలి. ముక్క 35-40 గ్రాములకు తగ్గకూడదు, ప్రతి ముక్కకూ కనీసం రెండు కళ్లు ఉండాలి. రెండు కత్తులు పెట్టుకుని ఒకటి క్లోరిన్ ద్రావణంలో నానుతుండగా రెండోదానితో కోయండి, దుంప దుంపకూ మార్చండి. కోసిన ముక్కలను 15-18 డిగ్రీల చల్లదనంలో, గాలి ఆడేచోట, తడి గోనెపట్టా కప్పి మూడు నాలుగు రోజులు ఉంచితే కోత మీద తోలులాంటి పొర కడుతుంది. వేలితో రుద్దితే చెమ్మ అంటకూడదు, అప్పుడే నాటాలి. కోసిన వెంటనే బూడిద అద్ది నాటేయడం చాలాచోట్ల చూస్తాం. బూడిద తేమను పీలుస్తుందేమో గానీ ఆ పొర స్థానంలో పనిచేయదు.

ప్రశ్న: చీకటి గదిలో కుప్పపోసిన విత్తన దుంపలకు జానెడు పొడవు తెల్ల మొలకలు వస్తున్నాయి. నాటేటప్పుడు అన్నీ విరిగిపోతున్నాయి. శీతల గిడ్డంగి అందుబాటులో లేదు.

మొలకకు వెలుతురు లేక సాగిపోతోంది. విత్తన దుంపలను చీకట్లో కాదు, నీడ వెలుతురులో ఉంచాలి. తినే దుంపలకు చెప్పే నియమం దీనికి సరిగ్గా తలకిందులు, శిక్షణలో ఈ రెంటినీ కలిపి చెబితే రైతులు తికమక పడతారు.

కర్రలతోనో వెదురుతోనో అరలు కట్టండి. అరకూ అరకూ మధ్య 40-50 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. పట్టీల మధ్య సందులుంటే కింది నుంచి కూడా గాలి ఆడుతుంది. దుంపలను రెండు, మహా అయితే మూడు వరసల మందాన పరవాలి. పైన కప్పు కావాలి, పక్కలు తెరిచి ఉండాలి. సూటి ఎండ ఏ వేళా పడకూడదు. అరల మధ్య నిలబడితే పుస్తకం చదువుకోగలిగినంత వెలుతురు ఉంటే సరి. తెరిచిన పక్కలకు సన్నని వల బిగిస్తే పేనుబంక, దుంపతొలుచు పురుగు రెక్కల చిమ్మట లోపలికి రావు. పేనుబంక నిల్వలో ఉన్న మొలకల మీద కూడా వైరస్ అంటిస్తుంది కాబట్టి వల తప్పనిసరి.

ఇలా ఉంచిన దుంపకు మొలక ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు. లావుగా, ఆకుపచ్చగానో ఊదాగానో ఉంటుంది, బుట్టలో పోసినా విరగదు. దుంప కూడా పచ్చబడుతుంది, విత్తనానికి అది మంచిదే, కూరకు మాత్రం పనికిరాదు. పది పదిహేను రోజులకోసారి కుళ్లినవి తీసేయండి.

తవ్వాక రెండు మూడు నెలల దాకా దుంప నిద్రలో ఉంటుంది, రకాన్ని బట్టి అటూ ఇటూ. నిద్ర తీరుతూనే తలమీద ఒక్క మొలకే వస్తే, దాన్ని ఒకసారి తుంచేయండి. ఆ తర్వాత పక్క కళ్లన్నీ లేస్తాయి. కాండాలు ఎక్కువైతే దుంపల సంఖ్య పెరుగుతుంది, ఒక్కో దుంప సైజు తగ్గుతుంది. విత్తన మడికి అది కావలసిందే.

ప్రశ్న: ఎకరాకు ఎంత విత్తనం? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు.

దూరం, దుంప బరువు చెప్పకుండా విత్తనం లెక్క చెబితే ఎవరి మాటా నిలవదు. 60×25 సెంటీమీటర్లకు ఎకరాలో సుమారు 27,000 మొక్కలు పడతాయి. దుంప 40 గ్రాములైతే 1,080 కిలోలు కావాలి. తినే పంటకు, పెద్ద దుంపల కోసం 75×30 పెడితే 18,000 మొక్కలు, 50 గ్రాముల దుంపలతో 900 కిలోలు. రైతు చేత తన విత్తనంలోంచి 100 దుంపలు లెక్కపెట్టి తూయించండి. 4 కిలోలు తూగితే సగటు 40 గ్రాములు. అక్కడి నుంచి లెక్క అతనే కడతాడు.

ప్రశ్న: నత్రజని, భాస్వరం, పొటాష్ కిలోల్లో చెబితే రైతులకు అర్థం కావడం లేదు. బస్తాల్లో చెప్పమంటారు.

బస్తా కన్నా కింద, చాలు దాకా దిగి చెప్పండి. ఉదాహరణకు నేల పరీక్షను బట్టి ఎకరాకు 60 కిలోల నత్రజని, 32 భాస్వరం, 48 పొటాష్ అని తేలిందనుకుందాం. డీఏపీ 70 కిలోలు వేస్తే భాస్వరం మొత్తం, నత్రజనిలో 12.6 కిలోలు వచ్చేస్తాయి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 80 కిలోలు. నాటేటప్పుడు సగం నత్రజని కోసం యూరియా 38 కిలోలు కలపాలి. మిగతా 65 కిలోల యూరియా మట్టి ఎగదోసే రోజుకు.

నాటే రోజు కలిపే మూడు ఎరువులూ కలిసి 188 కిలోలు. చాళ్ల మధ్య 60 సెంటీమీటర్లయితే ఎకరాలో చాళ్ల పొడవు మొత్తం 6,745 మీటర్లు. అంటే 10 మీటర్ల చాలుకు 280 గ్రాముల మిశ్రమం. ఒక ఖాళీ డబ్బాలో 280 గ్రాములు తూచి పోసి, ఎంతవరకు వచ్చిందో అక్కడ గీత పెట్టి రైతు చేతికివ్వండి. పది మీటర్ల తాడు, గీతపెట్టిన డబ్బా ఉంటే తక్కెడ లేకుండానే పని జరిగిపోతుంది. పైపాటు యూరియా 10 మీటర్లకు 96 గ్రాములు, దానికి ఇంకో గీత.

ఎరువు చాలులో వేసి, దాని మీద మూడు వేళ్ల మందాన, అంటే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా మట్టి కప్పి, ఆపైన దుంప పెట్టాలి. ఎరువు మొలకకు తగిలితే ఉప్పు తగిలినట్టే, కొస నల్లబడి మాడిపోతుంది. తవ్వి చూపిస్తే గానీ ఇది నమ్మరు. ప్రదర్శన మడిలో ఒక మూల రెండు మీటర్ల చాలు కావాలనే తప్పుగా వేయించి, రెండు వారాలకు తవ్వి చూపించండి.

యూరియా ఎక్కువేస్తే పైరు నల్లగా, ఏపుగా పెరిగి చూపరులకు బాగుంటుంది. కింద దుంప ఆలస్యంగా ఊరుతుంది, ఆ గుబురులో తేమ నిలిచి ఆకుమాడు కూడా ముందుగా వస్తుంది. పై ఆకు చూసి మురిసే అలవాటు మాన్పించడం ఈ పాఠంలో అసలు కష్టం.

ప్రశ్న: పచ్చగా ఉన్న మొక్క ఒక్కసారిగా వాలిపోతోంది. నీరు పెట్టినా, రాగి మందు పిచికారీ చేసినా లాభం లేదు.

ముందు గాజుగ్లాసు పరీక్ష చేయండి. వాలిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, జానెడు ముక్క తీసుకోండి. అది మునిగిపోకుండా గ్లాసు అంచున పుల్లకు కట్టి, కోసిన కొస తేట నీళ్లను తాకేలా వేలాడదీయండి. కదపకుండా వెలుతురుకు ఎదురుగా పెట్టండి. నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని దారాలు సన్నగా కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. దారాలు రాకపోతే శిలీంధ్రపు ఎండు తెగులో, వేరు కుళ్లో, కాండం తొలిచిన పురుగో అయి ఉండొచ్చు. దుంపను అడ్డంగా కోసి నొక్కితే గోధుమరంగు వలయంలోంచి తెల్లని చుక్కలు ఉబికినా, తవ్విన దుంప కళ్లకు మట్టి జిగురుగా అంటుకుని ఉన్నా అదే జబ్బు. రైతుల చేత చేయించదగ్గ పరీక్షల్లో ఇంత తేలికైనదీ, ఇంత తేటగా తేల్చేదీ మరొకటి లేదు.

తేలాక మందు కోసం వెతకొద్దు, పిచికారీతో పోయే జబ్బు కాదిది. వాలిన మొక్కను చుట్టూ మట్టితో, దుంపలతో సహా తవ్వి పొలం బయట లోతుగా పూడ్చండి. ఆ మడి నీరు కింది మడికి పారకుండా కట్ట వేయండి. పారలు, చెప్పులు కడిగాకే మరో పొలంలోకి వెళ్లండి. ఆ పంట నుంచి విత్తనం తీయొద్దు, పక్క రైతుకు ఇవ్వనూ వద్దు. కనీసం మూడు నాలుగేళ్లు మొక్కజొన్న, గోధుమలాంటి ధాన్యపు పంటలు వేయండి. టమాటా, వంగ, మిరప, పొగాకు వేస్తే బ్యాక్టీరియాకు మేత పెట్టినట్టే. ఆ మూడు నాలుగేళ్లలో నేలలో మిగిలిన దుంపల నుంచి వాటంతటవే లేచే మొక్కలను పీకకపోతే పంట మార్పిడి చేసినా చేయనట్టే. పొలం బాగుపడలేదని చెప్పేవారి దగ్గర ముందు ఈ మొక్కల సంగతే అడగండి.

ప్రశ్న: ఆకుమాడు తెగులు మచ్చ కనపడగానే మందు కొట్టాం. అయినా పది రోజుల్లో చేనంతా మాడిపోయింది. కల్తీ మందా?

కల్తీయే అయి ఉండక్కర్లేదు. 1845లో ఐర్లండ్ పంటను భారీగా దెబ్బతీసిన జబ్బు ఇదే. రాత్రిళ్లు 10 నుంచి 20 డిగ్రీల చల్లదనం, ఆకు మీద గంటల తరబడి తడి ఉంటే విజృంభిస్తుంది. మచ్చ మీ కంటపడేసరికి మూడు నుంచి ఏడు రోజుల కిందటే ఆకులోకి దిగి ఉంటుంది. మాంకోజెబ్ లాంటి మందు ఆకు పైన పొరలా నిలిచి బీజాన్ని మొలవనీయదు గానీ, లోపలికి దిగినదాన్ని చంపదు. అందుకే మబ్బు పట్టి, మంచు దిగే రోజులు మొదలవగానే, మచ్చ రాకముందే కొట్టాలి. మాంకోజెబ్ 75 శాతం పొడి మందు లీటరుకు 2 నుంచి 2.5 గ్రాములు, పైరు కమ్ముకున్నాక ఎకరాకు 200 లీటర్ల నీళ్లు. మీ దగ్గర దానికి అనుమతి ఉందో లేదో, తవ్వకానికి ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీది కాగితం చూసుకోండి. వాతావరణం అలాగే ఉంటే వారం నుంచి పది రోజులకోసారి మళ్లీ కొట్టాలి. పెద్ద వాన కడిగేస్తే ఇంకా ముందే.

మచ్చ కనిపించాక అయితే ఆకులోకి ఇంకే మందు, ఉదాహరణకు సైమోక్సానిల్, మాంకోజెబ్ కలిసినది వాడాలి. ఇలా ఆకులోకి ఇంకే మరో మందు మెటలాక్సిల్‌ను ఒంటరిగా, మళ్లీ మళ్లీ వాడొద్దు. దానికి లొంగని తెగులు 1980 నుంచే యూరప్‌లో కనిపించింది.

మందు కన్నా కొట్టే తీరులో ఎక్కువ పోతుంది. ఉదయం మచ్చ ఉన్న ఆకును తిప్పి చూపించండి, మచ్చ అంచున బూజులా తెల్లని నూగు కింది వైపే ఉంటుంది. కొట్టేవారు మాత్రం పై వైపే తడుపుతారు. శిక్షణలో మందు లేకుండా ఉత్త నీళ్లు పోసి పిచికారీ చేయించి, కింది ఆకులు తిప్పి ఎన్ని పొడిగా మిగిలాయో వారి చేతే లెక్కపెట్టించండి. పదిలో ఆరేడు పొడిగా ఉంటే ఇక మీరు ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

మచ్చలో, కోసిన చెట్టు మొద్దులో కనిపించే ఉంగరాల్లాంటి వలయాలుండి, పొడిగా, ముదురు ఆకుల మీద వస్తే అది వేరే తెగులు, ముందస్తు ఆకుమచ్చ. నత్రజని తగ్గిన, వాడిన పైరు మీదే ఎక్కువ. దానికి ఇంత హడావుడి అక్కర్లేదు.

ప్రశ్న: దుంపలు పగులుతున్నాయి. కొన్నింటికి నడుమ బోలు. మరికొన్నింటి పైన గజ్జిలా గరుకు.

మొదటి రెండూ నీటి ఎగుడుదిగుడు వల్ల. ఎండబెట్టి ఒక్కసారి నిండుగా తడిపితే దుంప ఉబ్బి పగులుతుంది, లోపల బోలు పడుతుంది. బంగాళాదుంప వేళ్లలో ఎక్కువ భాగం పై 30-40 సెంటీమీటర్లలోనే ఉంటాయి కాబట్టి తక్కువ తక్కువగా, తరచుగా పెట్టాలి. బోదె ఎత్తులో మూడింట రెండొంతులు దాటి నీరు ఎక్కనివ్వద్దు. గజ్జి తెగులు దుంప పడే దశలో, అంటే సుమారు 30 నుంచి 50 రోజుల మధ్య, నేల ఎండితే వస్తుంది. సున్నం ఎక్కువైన నేలలో, పచ్చి పేడ వేసిన నేలలో ఎక్కువ. ఆ మూడు వారాలు తేమ తగ్గకుండా చూస్తే చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: ప్రదర్శన మడిలో దిగుబడి బాగా వచ్చింది. అయినా రైతులు ‘అది మంచి నేల’ అని కొట్టిపారేస్తున్నారు.

వారి అనుమానం న్యాయమైనదే. కొత్త మడిలో విత్తనం, ఎరువు, మందు, నీరు అన్నీ మార్చి, దూరంగా ఎక్కడో ఉన్న పాత పొలంతో పోలిస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు. ఒకే పొలంలో పక్కపక్కనే రెండు మళ్లు వేయండి. ఒక్కోటి ఆరు వరుసలు, ఆరు మీటర్ల పొడవు. రెండింటికీ తేడా ఒక్కటే ఉండాలి, మొదటి ఏడు అది విత్తనం. ఒకే రోజు నాటాలి, ఒకే డబ్బాతో ఎరువు వేయాలి. ఏది ఎటువైపో రైతులే చీటీ వేసి తేల్చాలి. అదే జతను కనీసం ముగ్గురి పొలాల్లో పెట్టండి.

తవ్వేటప్పుడు అంచు వరుసలు రెండూ, రెండు కొసలా అర మీటరు వదిలేసి, నడిమి నాలుగు వరుసలు అయిదు మీటర్లు తవ్వండి. అది 12 చదరపు మీటర్లు. 24 కిలోలు తూగితే చదరపు మీటరుకు 2 కిలోలు, ఎకరాకు 8.1 టన్నులు. అమ్మకపు సైజు, విత్తనపు సైజు, పనికిరానివి మూడు కుప్పలు చేసి విడిగా తూయించండి. మొత్తం బరువులో తేడా కొంచెమే ఉన్నా, అమ్మకపు కుప్పలో తేడా పెద్దగా ఉండొచ్చు. తక్కెడ పట్టుకునేది, బరువు పైకి చదివేది రైతు అయితే మంచి నేల సంగతి ఇక ఎత్తరు.

ప్రశ్న: తవ్విన దుంపలకు తోలు ఊడిపోతోంది. నిల్వలో కుళ్లు ఎక్కువ. కొన్ని పచ్చబడ్డాయి, వండితే తినొచ్చా?

తోలు ముదరకముందే తవ్వుతున్నారు. తవ్వకానికి 10-14 రోజుల ముందు నీరు ఆపి, పైరును నేలమట్టంగా కోసి, బయటికి మోసేయండి. ఆకుమాడు ఉన్న పొలంలో ఇది మరీ ముఖ్యం. పచ్చి ఆకు ఉండగా తవ్వితే బీజాలు దుంపల మీద రాలి, నిల్వలో కుళ్లుగా బయటపడతాయి. నాలుగైదు కుదుళ్లు తవ్వి, దుంపను బొటనవేలితో గట్టిగా రుద్దండి. తోలు జారకపోతే తవ్వొచ్చు.

తవ్విన దుంపను మోకాలి ఎత్తు నుంచి కూడా విసరొద్దు. గాయాలు మానడానికి పది పన్నెండు రోజులు నీడన, గాలి ఆడేచోట, నడుము ఎత్తుకు మించని కుప్పగా ఉంచి, ఆ తర్వాత ఏరి చీకట్లో నిల్వ చేయండి.

పచ్చబడినవి తినొద్దు. వెలుతురు తగిలితే పచ్చదనంతో పాటు సొలనిన్ అనే చేదు విషం కూడా పెరుగుతుంది, ఉడికించినా పోదు. పొలంలోనే పచ్చబడుతున్నాయంటే మట్టి ఎగదోయడం చాలలేదు. బోదె 20-25 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా, పగుళ్లు పూడుకునేలా రెండుసార్లు ఎగదోయాలి. దుంపతొలుచు పురుగు గుడ్లు పెట్టడానికి దిగేది కూడా ఆ పగుళ్లలోంచే.